రెండు స్పీకర్ల మోత కలిస్తే ఎంత? గది ధ్వని సాఫ్ట్‌వేర్లలో కూడిక తిరకాసు

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఒక గది ఉందనుకుందాం. హోమ్ థియేటర్ కోసం ముందు గోడ మధ్యలో, నేల మీద ఒక సబ్‌వూఫర్ (మంద్రస్వరాలు మోగించే స్పీకరు) పెట్టారు. కూర్చునే సోఫా వెనక గోడకు దగ్గరగా ఉంది. ఈ కొలతలన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, 34 హెర్ట్జ్ దగ్గర గ్రాఫు గోపురంలా పైకి లేచింది. అంటే ఆ ఒక్క మంద్రస్వరం వచ్చినప్పుడల్లా గది గుమ్మంటుంది. దీన్ని తగ్గించడానికి వెనక గోడ మధ్యలో రెండో సబ్‌వూఫర్ పెడదామనుకున్నారు. రెండింటినీ కలిపి చూపించమంటే సాఫ్ట్‌వేర్‌లోని ఒక పద్ధతి ఆ గోపురం ఇంకో 3 డెసిబెల్‌లు పెరుగుతుందని చెప్పింది. మరో పద్ధతి అసలు గోపురమే ఉండదని చెప్పింది.

గది అదే, స్పీకర్లు అవే, సోఫా కూడా కదల్లేదు. మారిందల్లా కూడిక చేసిన తీరు. ఈ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఒక్కో స్పీకరుకు విడివిడిగా వచ్చిన ఫలితం బాగానే అర్థమవుతుంది. వాటిని కలిపినప్పుడు మాత్రం వచ్చిన అంకెను నమ్మాలో వద్దో తెలియదు.

డెసిబెల్‌లు మామూలు అంకెల్లా కూడవు

60 డెసిబెల్‌ల శబ్దానికి మరో 60 డెసిబెల్‌లు కలిస్తే 120 కాదు. ఇది చాలామందికి తెలిసిందే. డెసిబెల్ అనేది లాగరిథం స్కేలు కాబట్టి ముందు దాన్ని విప్పి, అసలు భౌతిక రాశిని కూడి, మళ్లీ డెసిబెల్‌లలోకి మార్చాలి. ఆ అసలు రాశి ఏది అన్నదే ప్రశ్న. దానికి సమాధానాలు రెండున్నాయి.

మొదటిది పీడనం. శబ్దమంటే గాలి పీడనంలో వచ్చే హెచ్చుతగ్గులు. రెండు స్పీకర్లనుంచి వచ్చిన హెచ్చుతగ్గులు ఒకేసారి హెచ్చై, ఒకేసారి తగ్గైతే పీడనం రెట్టింపవుతుంది. అప్పుడు 60, 60 కలిసి 66 అవుతాయి. రెండోది శక్తి. రెండు శబ్దాలకూ పొంతన లేకుంటే, అంటే ఒకటి హెచ్చినప్పుడు రెండోది ఏ స్థితిలో ఉంటుందో నియమం లేకుంటే, కూడేది పీడనాన్ని కాదు, శక్తిని. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే కాబట్టి మొత్తం 63 అవుతుంది.

పీడనాలు కూడేటప్పుడు లెక్కలోకి ఇంకొకటి వస్తుంది, ఫేజు. రెండు అలల మధ్య ఎంత ఎడముందో చెప్పే కోణం అది. ఇద్దరు ఊయలలు ఊగుతుంటే ఒకరు ముందుకు వచ్చేసరికి రెండోవారు ఎక్కడున్నారని అడిగినట్టు. కోణం సున్నా అయితే 66 డెసిబెల్‌లు. 90 డిగ్రీలైతే 63. 120 డిగ్రీలైతే 60, అంటే రెండో స్పీకరు పెట్టినా పెట్టకపోయినా ఒకటే. 180 డిగ్రీలైతే లెక్క ప్రకారం నిశ్శబ్దం. 90 డిగ్రీల దగ్గర వచ్చిన అంకె, శక్తి కూడిక ఇచ్చిన అంకె ఒకటే కావడం గమనించండి. శక్తి కూడిక అంటే ఫేజు ఏమీ తెలియనప్పుడు వేసే నడిమి అంచనా అని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

రెండు శబ్దాల స్థాయిలు వేరైతే ఈ ఊగిసలాట తగ్గుతుంది. 60, 50 డెసిబెల్‌లు కలిశాయనుకుందాం. ఫేజు పూర్తిగా కలిస్తే 62.4, పూర్తిగా ఎదురైతే 56.7, శక్తి కూడికలో 60.4. అందుకే ఒక స్పీకరు బాగా దగ్గరగా, మరొకటి బాగా దూరంగా ఉన్న చోట ఏ పద్ధతి వాడినా పెద్ద తేడా రాదు. గొడవంతా రెండూ సమానంగా వినిపించే మధ్య ప్రాంతంలోనే.

రెండు మీటర్ల దూరం చేసే చిక్కు

ముందు స్పీకర్లు 80 హెర్ట్జ్ వరకు కిందికి వస్తాయి. అక్కడినుంచి సబ్‌వూఫర్ అందుకుంటుంది. 80 హెర్ట్జ్ దగ్గర రెండూ సమానంగా మోగుతాయి. 20 డిగ్రీల వేడిమిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక 80 హెర్ట్జ్ అల పొడవు 4.29 మీటర్లు. సబ్‌వూఫర్ ముందు స్పీకర్లకంటే 2.14 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దాని అల సగం చక్రం, అంటే 6.25 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు 80 హెర్ట్జ్ దగ్గర గ్రాఫులో గొయ్యి పడుతుంది. రెండూ దేనికది బాగానే మోగుతున్నా, కలిసి మోగితే అక్కడ శబ్దం కరువవుతుంది.

సబ్‌వూఫర్ ప్లస్, మైనస్ తీగల్ని తారుమారు చేస్తే సరిపోదా? 80 హెర్ట్జ్ దగ్గర సరిపోతుంది, గొయ్యి పోయి 6 డెసిబెల్‌ల లాభం వస్తుంది. కానీ 40 హెర్ట్జ్ దగ్గర అదే 2.14 మీటర్లు పావు అల మాత్రమే. అక్కడ తీగలు ఎలా ఉన్నా కోణం 90 డిగ్రీలే. తారుమారు చేయడం ఒక్క పౌనఃపున్యానికి మందు. ఆలస్యాన్ని సరిచేయడం అన్నింటికీ మందు. శక్తి కూడికలో పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఈ గొయ్యీ కనిపించదు, దాని మందూ కనిపించదు. సబ్‌వూఫర్‌ను ఎక్కడికి జరిపినా గ్రాఫు నున్నగా, అందంగా ఉంటుంది. అందమైన గ్రాఫును అనుమానించడం ఈ పనిలో మంచి అలవాటు.

డోలు, నాదస్వరం ఒక రకం; ఒకే మైకుకు ఆరు స్పీకర్లు మరో రకం

ఏ కూడిక వాడాలన్నది స్పీకర్ల సంఖ్యను బట్టి కాదు, వాటిలోకి వెళ్లే సిగ్నల్‌ను బట్టి తేలుతుంది. పెళ్లిలో నాదస్వరం, డోలు పక్కపక్కనే మోగుతాయి. రెండింటి అలలకూ పొంతన ఉండదు, కాబట్టి శక్తులనే కూడాలి. హోటల్లో మాటల రొద, రోడ్డు మీద వాహనాల హోరు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అదే పెళ్లిలో పురోహితుడి మైకునుంచి ఒకే గొంతు ఆరు స్పీకర్లకు వెళితే అవి ఆరూ ఒకే సిగ్నల్‌కు నకళ్లు. ఇక్కడ ఫేజుకు అర్థం ఉంది, పీడనాలను కూడడానికి కారణం ఉంది.

ఈ రెంటి మధ్యలో స్టీరియో పాట ఉంటుంది. గాయకుడి గొంతు కుడి ఎడమల్లో ఒకేలా ఉంటుంది, వయొలిన్ల సమూహం వేర్వేరుగా ఉంటుంది. అంటే ఒకే పాటలో కొంత భాగానికి ఒక కూడిక, మిగతా భాగానికి మరొకటి నప్పుతాయి. ఇలాంటప్పుడు ముందే స్థాయిలను కలపకుండా, ఒక్కో చానల్ సిగ్నల్‌ను దాని స్పీకరు దారిలో విడిగా నడిపించి చివర్లో కలపడమే సరైన మార్గం. అందుకు వాడే సాధనం ఇంపల్స్ రెస్పాన్స్.

ఒక్క చప్పట్లో గది జాతకం

గదిలో ఒకచోట చిటికె వేస్తే మరోచోట ఏమి వినిపిస్తుందో ఆ మొత్తం రికార్డే ఇంపల్స్ రెస్పాన్స్. నేరుగా వచ్చిన చిటికె, గోడలకు తగిలి వచ్చినవి, చివర్లో మిగిలే మారుమోత, అన్నీ అందులో ఉంటాయి. ఏ సిగ్నల్‌ను అయినా దీనితో కన్వల్యూషన్ అనే లెక్క చేస్తే ఆ సిగ్నల్ ఆ గదిలో ఎలా వినిపిస్తుందో వస్తుంది.

మామూలు స్థాయిల్లో గాలి, గోడలు సరళంగా ప్రవర్తిస్తాయి. అంటే రెండు శబ్దాలు కలిసినప్పటి ఫలితం విడివిడి ఫలితాల మొత్తమే. అందువల్ల ఒకే సిగ్నల్ అన్ని స్పీకర్లకూ వెళుతుంటే, ఒక్కోదాని ఇంపల్స్ రెస్పాన్స్‌ను దాని స్థాయితో హెచ్చించి, దాని ఆలస్యం మేరకు జరిపి, అన్నింటినీ కూడి ఒకే రెస్పాన్స్ చేయవచ్చు. సిగ్నళ్లు వేరైతే అలా ముందే కలపకూడదు. ఒక్కో సిగ్నల్‌కు దాని కన్వల్యూషన్ చేశాకే కూడాలి. రెస్పాన్సులను ముందే కలిపేస్తే గాయకుడి గొంతు డోలు ఉన్న చోటినుంచి కూడా వినిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ గోడను ఎలా చూస్తుంది?

గది ధ్వనిని లెక్కలో పెట్టే ప్రయత్నానికి శతాబ్దం పైబడింది. హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని 1895లో భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబీన్‌కు దాన్ని సరిచేసే పని అప్పగించారు. గది పరిమాణం, అది పీల్చుకునే ధ్వని, మారుమోత కాలం మధ్య ఆయన కట్టిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. 1960లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మన్‌ఫ్రెడ్ ష్రోడర్, భారతదేశంలో పుట్టిన బిష్ణు అటల్ గది ధ్వనిని కంప్యూటర్‌తో అనుకరించే పని చేశారు. 1968లో నార్వే పరిశోధకులు ధ్వనిని కిరణాలుగా భావించి హాలులో తిప్పే పద్ధతిని ప్రచురించారు. గోడ వెనక అద్దంలో ఉన్నట్టు స్పీకరు ప్రతిబింబాలను ఊహించే పద్ధతికి 1979లో జాంట్ అలెన్, డేవిడ్ బెర్క్‌లీ కంప్యూటర్‌కు వీలైన రూపం ఇచ్చారు.

ఈ చివరి రెండింటి తేడా కూడికకు ముఖ్యం. ప్రతిబింబ పద్ధతిలో ప్రతి అల నడిచిన దూరం కచ్చితంగా తెలుస్తుంది కాబట్టి ఫేజు మిగులుతుంది. కిరణ పద్ధతిలో కిరణం మోసుకెళ్లేది శక్తిని. వేల కిరణాలు చెదిరి, పలుచబడి, చెవి చుట్టూ ఊహించిన చిన్న గోళంలో పడితే ఆ శక్తిని లెక్క పెడతారు. అక్కడ ఫేజు ఉండదు. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓడియన్ వంటి సాఫ్ట్‌వేర్లు తొలి ప్రతిధ్వనులకు ప్రతిబింబాలను, ఆ తర్వాతి మారుమోతకు కిరణాలను కలిపి వాడతాయి.

గోడల సమాచారంలోనూ లోటుంది. ఒక కర్టెన్ తన మీద పడిన శక్తిలో 19 శాతం పీల్చుకుంటుందని పట్టికలో ఉంటే, తిరిగి వచ్చే అల పీడనం 0.9 వంతు అని చెప్పవచ్చు. కానీ తగిలి వచ్చేటప్పుడు అల ఎంత కోణం తిరిగిందో ఆ 19 శాతం చెప్పదు. స్పీకర్ల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. ఫేజుతో సహా కొలిచిన సమాచారాన్ని జీఎల్ఎల్ వంటి ఫైళ్లలో తయారీదారులు ఇవ్వగలరు. లైన్ అరే అనే పొడవాటి స్పీకర్ల దండకు ఇది లేకుంటే లెక్కే కుదరదు. శబ్దాన్ని ప్రేక్షకుల వైపు మళ్లించేదే అందులోని స్పీకర్ల పరస్పర ఫేజు.

ఫేజు పక్షం, శక్తి పక్షం

ఒక పక్షం వాదన సూటిగా ఉంటుంది. ప్రకృతి కూడేది పీడనాలనే, ఫేజును వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఊహలు చెబుతున్నట్టే. రెండో పక్షం మాట అనుభవంలోంచి వచ్చింది. 2000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 17 సెంటీమీటర్లు. నక్షాలో స్పీకరు స్థానం 9 సెంటీమీటర్లు తప్పినా, మేస్త్రీ కొక్కెం కాస్త పక్కన బిగించినా ఫేజు తలకిందులవుతుంది. అంత కచ్చితత్వం చేతిలో లేనప్పుడు ఫేజుతో గీసిన రంగుల పటం ఒక భ్రమ, సగటు చెప్పే శక్తి కూడికే నిజాయితీగల అంచనా అంటారు వీరు.

నా మటుకు ఇద్దరిదీ ఒప్పే, కాకపోతే వేర్వేరు పౌనఃపున్యాల దగ్గర. రెండు స్పీకర్ల దూరాల తేడా 1 మీటరు అనుకుందాం. అప్పుడు గ్రాఫులో ప్రతి 343 హెర్ట్జ్‌కు ఒక గొయ్యి పడుతుంది, దువ్వెన పళ్లలా. 1000 హెర్ట్జ్ ఆక్టేవ్ పట్టీ (పై అంచు కింది అంచుకు రెట్టింపుండే పౌనఃపున్యాల శ్రేణి) 707నుంచి 1414 హెర్ట్జ్ వరకు ఉంటుంది, అంటే 707 హెర్ట్జ్ వెడల్పు. అందులో దువ్వెన రెండు పూర్తి చక్రాలు తిరుగుతుంది. పట్టీ మొత్తానికి ఒకే అంకె చెప్పమంటే గుట్టలూ గోతులూ చెల్లిపోయి మిగిలేది 3 డెసిబెల్‌ల పెరుగుదలే. పీడనాలను ఎంత జాగ్రత్తగా కూడినా చివరికి శక్తి కూడిక దగ్గరికే చేరాం. ఇప్పుడు 63 హెర్ట్జ్ పట్టీ చూడండి. అది 44నుంచి 88 హెర్ట్జ్ వరకు. 88 దగ్గర కూడా 1 మీటరు అంటే పావు అలకు కాస్త ఎక్కువ, అంతే. పట్టీలో దాదాపు అంతటా రెండు స్పీకర్లూ ఒకదానికొకటి తోడుగానే ఉంటాయి. ఇక్కడ శక్తి కూడిక శబ్దాన్ని తక్కువ చేసి చూపుతుంది.

గది కూడా ఒక హద్దు గీస్తుంది. మారుమోత కాలాన్ని గది ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, 2000తో హెచ్చిస్తే వచ్చేది ష్రోడర్ పౌనఃపున్యం. దానికి దిగువన గది ఒక్కో అనునాదాన్ని (గది తన కొలతలవల్ల గుమ్మనే స్వరాన్ని) విడిగా వినిపిస్తుంది, ఎగువన అవి కలిసిపోయి సగటుగా ప్రవర్తిస్తాయి. మన 60 ఘనపు మీటర్ల గదిలో మారుమోత 0.4 సెకన్లు అయితే ఆ హద్దు 163 హెర్ట్జ్. సబ్‌వూఫర్ పని మొత్తం దానికి దిగువనే. 6000 ఘనపు మీటర్ల హాలులో మారుమోత 1.5 సెకన్లు అయితే హద్దు సుమారు 32 హెర్ట్జ్. మాటలన్నీ దానికి ఎగువనే. అందుకే హోమ్ థియేటర్ వాళ్లు ఫేజు అంటే ప్రాణం పెడతారు, ఆడిటోరియం వాళ్లు చాలావరకు కిరణాలతో నెట్టుకొస్తారు. ఇద్దరూ ఒకే చోట కూర్చుని వాదించుకుంటే మాత్రం తెల్లారదు.

పొడవాటి హాలు, 70 మిల్లీసెకన్లు

ఆడిటోరియంలో ఫేజు కంటే ఆలస్యం పెద్ద సమస్య. వేదిక దగ్గరి స్పీకర్లకు 30 మీటర్ల దూరంలో ఒక శ్రోత ఉన్నాడు. ఆయనకు 6 మీటర్ల దూరంలో అదనపు స్పీకరు ఒకటి బిగించారు. తేడా 24 మీటర్లు, అంటే 70 మిల్లీసెకన్లు. అదనపు స్పీకరుకు ఆలస్యం ఇవ్వకుంటే దాని మాట ముందు వినిపించి, వేదిక మాట 70 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది.

మాట స్పష్టతను చెప్పే ఒక కొలత, మొదటి 50 మిల్లీసెకన్లలో చేరిన శక్తి మొత్తం శక్తిలో ఎంత వంతు అన్నది. మారుమోతను కాసేపు పక్కన పెట్టి, అదనపు స్పీకరు శక్తి 1, వేదికది 0.5 అనుకుంటే, ఆలస్యం ఇవ్వనప్పుడు ఇది 1.5లో 1, అంటే 67 శాతం. స్పీకరుకు 80 మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తే వేదిక మాట ముందు చేరుతుంది, అదనపు స్పీకరు 10 మిల్లీసెకన్ల తర్వాత తోడవుతుంది. ఇప్పుడు అది 100 శాతం. పైగా ముందు వచ్చిన శబ్దం వైపే చెవి మొగ్గుతుందని హెల్ముట్ హాస్ అనే పరిశోధకుడు నిరూపించారు కాబట్టి, మాట వేదికనుంచే వస్తున్నట్టు ఉంటుంది.

రెండు సందర్భాల్లోనూ మొత్తం శక్తి ఒకటే. డెసిబెల్‌ల పటం మాత్రమే చూసినవారికి రెండు హాళ్లూ ఒకేలా కనిపిస్తాయి. వెనక వరుసలో శబ్దానికి లోటు లేకున్నా ఒక్క మాట అర్థం కాని సభలకు నేనూ వెళ్లాను. కాబట్టి శక్తి కూడికలోనైనా ఆలస్యాలను సాఫ్ట్‌వేర్‌లో నింపాల్సిందే. వేసవిలో 35 డిగ్రీల వేడిమికి ధ్వని వేగం సెకనుకు 352 మీటర్లు దాటుతుంది, ఆ 70 కాస్తా 68 అవుతుంది. పైన వదిలిన 10 మిల్లీసెకన్ల వెసులుబాటు దాన్ని మింగేస్తుంది.

ఫైళ్లు కలిపేటప్పుడు జారిపోయేవి

సిద్ధాంతం తెలిసినవారు కూడా ఫైళ్ల దగ్గర బోల్తా పడతారు. కొన్ని ప్రోగ్రాములు ఇంపల్స్ రెస్పాన్స్‌ను ఆడియో ఫైలుగా ఇచ్చేటప్పుడు అందులోని గరిష్ఠాన్ని 1కి పెంచుతాయి. 30 మీటర్ల దూరపు స్పీకరూ, 6 మీటర్ల స్పీకరూ అప్పుడు ఒకే ఎత్తుకు వస్తాయి. అలాగే ఫైలు మొదట్లోని నిశ్శబ్దాన్ని కత్తిరిస్తే దూరం సమాచారం పోతుంది. ఈ రెండూ పోయాక చేసిన కూడిక ఏ గదికీ చెందదు.

మైకుతో కొలిచినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. రూమ్ ఈక్యూ విజార్డ్ వంటి ఉచిత ప్రోగ్రాములో రెండు స్పీకర్లను విడివిడిగా కొలిచి తర్వాత కూడవచ్చు, కానీ రెండు కొలతలకూ ఒకే కాల ప్రమాణం ఉండాలి. లేకుంటే ఒక్కో కొలత తన సొంత సున్నానుంచి మొదలవుతుంది. సగటు కూడా కూడిక కాదు. ఎడమది 60, కుడిది 60 అయితే సగటు 60. రెండూ కలిసి మోగితే ఫేజును బట్టి 66 కావచ్చు, దాదాపు ఏమీ లేకపోవచ్చు. గదిలో వేర్వేరు కుర్చీల ఫలితాలను సమన్వయం చేయడానికి సగటు ఉపయోగపడుతుంది, స్పీకర్లను కలపడానికి కాదు.

నకలు వయొలిన్ల సమస్య ఇంకాస్త సరదాగా ఉంటుంది. హాలును చెవికి వినిపించాలంటే మారుమోత లేని రికార్డింగ్ కావాలి. ఒక వయొలిన్‌ను రికార్డు చేసి, దాన్నే వేదిక మీద పది చోట్ల అతికిస్తే పది వయొలిన్లు రావు, ఒకే వయొలిన్ పది స్పీకర్లలో వచ్చినట్టుంటుంది. పది వేర్వేరు వయొలిన్లు శబ్దాన్ని 10 డెసిబెల్‌లు పెంచుతాయి. పది నకళ్లు పూర్తిగా ఫేజులో కలిసిన చోట 20 పెంచి, కలవని చోట దువ్వెన గోతులు తవ్వుతాయి. అసలు వాద్యకారులు ఎప్పుడూ వెంట్రుకవాసి ముందూ వెనకా, శ్రుతిలో లేశమాత్రం తేడాగా ఉంటారు. ఆ అపశ్రుతే సమూహానికి నిండుదనం. ఫిన్లాండ్ పరిశోధకులు ఈ అవసరం కోసమే సింఫనీ వాద్యాలను మారుమోత లేని గదిలో ఒక్కొక్కటిగా రికార్డు చేసి 2008లో విడుదల చేశారు.

ఆ 34 హెర్ట్జ్ గోపురం సంగతి

ఇక మొదటి గది. 5 మీటర్ల పొడవులో సగం అల సరిగ్గా పట్టే పౌనఃపున్యం 34.3 హెర్ట్జ్. ఆ అనునాదంలో ముందు గోడ దగ్గర పీడనం హెచ్చినప్పుడు వెనక గోడ దగ్గర తగ్గుతుంది. ముందు సబ్‌వూఫర్ ఈ ఊపును ఒక వైపునుంచి తోస్తుంటే, అదే సిగ్నల్‌తో వెనకది ఎదురు వైపునుంచి అంతే బలంగా తోస్తుంది. ఊయలను ఇద్దరు ఇరువైపులనుంచి ఒకేసారి నెట్టినట్టు, అది కదలదు. ఒకే సిగ్నల్, ష్రోడర్ హద్దుకు బాగా దిగువన ఉన్న పౌనఃపున్యం, కాబట్టి పీడనాల కూడికే ఇక్కడ చెల్లుతుంది. గోపురం ఉండదు. 3 డెసిబెల్‌లు పెరుగుతుందన్నది రెండు సబ్‌వూఫర్లూ వేర్వేరు సంగీతం వాయిస్తేనే నిజం. అలా వాయించే ఇల్లు నేనెరగను.

సబ్‌వూఫర్లు గోడ వెడల్పుకు మధ్యలో ఉండటంవల్ల 42.9 హెర్ట్జ్ అడ్డం అనునాదం కూడా లేవదు. అయితే 68.6 హెర్ట్జ్ దగ్గర పొడవులో పూర్తి అల పడుతుంది. అక్కడ రెండు గోడల దగ్గరా పీడనం ఒకే వైపు కదులుతుంది కనుక ఇద్దరూ ఒకే దిక్కున నెట్టినట్టే, అది ఇంకా బలపడుతుంది. సోఫాను వెనక గోడనుంచి 1.25 మీటర్లు ముందుకు జరిపితే ఆ అల సున్నా అయ్యే గీత మీద పడుతుంది. 2002లో టాడ్ వెల్టీ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సదస్సులో ఇచ్చిన పత్రంలో ఇలాంటి దీర్ఘచతురస్రపు గదుల్లో ఎన్నో అమరికలను పోల్చి చూశారు. నాలుగు గోడల మధ్యల్లో నాలుగు సబ్‌వూఫర్లు పెడితే కుర్చీకీ కుర్చీకీ తేడా బాగా తగ్గింది, ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెట్టినా దాదాపు అంత ఫలితమే వచ్చింది.

ఆ లెక్కలు నాలుగు గోడలూ గట్టిగా, మూసి ఉన్న గదికి. మన ఫ్లాట్లలో హాలు ఒక పక్క వంటింట్లోకి, మరో పక్క బాల్కనీలోకి తెరుచుకుంటుంది. అక్కడ వెనక సబ్‌వూఫర్‌కు ఆనుకునే గోడే ఉండకపోవచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్ చెప్పిన చోట దాన్ని పెట్టి, ఒకే కాల ప్రమాణంతో రెండింటినీ విడివిడిగా, తర్వాత కలిపి మైకుతో కొలవాలి. విడి కొలతల పీడనాల కూడిక, కలిపి కొలిచిన గ్రాఫు ఒకదాని మీద ఒకటి పడితే కూడిక సరిగ్గా జరిగినట్టు. పడకపోతే ముందుగా చూడాల్సింది ఆలస్యం గడిలో ఉన్న అంకె.